విసిరేసే బ్లేడు, దాచుకునే పెట్టె

పాత వస్తువులు సేకరించేవారిలో ఎన్నో రకాలవారు ఉన్నారు. తపాలా బిళ్ళలు, నాణేలు, అగ్గిపెట్టెల మీది బొమ్మలు కూడబెట్టేవారిని మనం చూస్తూనే ఉంటాం. యుద్ధకాలపు గడ్డం సామాను సేకరించేవారు కూడా ఉన్నారంటే మీరు నమ్ముతారా? ఖాకీ గుడ్డ అంటించిన ఒక చిన్న పెట్టె, అందులో మూడు ముక్కలుగా విడిపోయే రేజరు, బ్లేడ్లు పెట్టుకునే పలుచని లోహపు డబ్బా, గాజు అద్దానికి బదులు మెరుగుపెట్టిన ఉక్కు రేకు. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైనికులు వీపు సంచిలో మోసిన సామాను ఇది. నూరేళ్ళు దాటినా, బాగా కాపాడిన రేజరులో కొత్త బ్లేడు పెట్టి మర బిగిస్తే అది ఇప్పటికీ పనిచేస్తుంది.

విద్యార్థులారా! మన పత్రికలో ఈ సంగతి ఎందుకు అని మీకు అనిపించవచ్చు. మీలో చాలామంది సైన్యంలో, రైల్వేలో, ఇతర కేంద్ర ప్రభుత్వ శాఖల్లో పనిచేసేవారి పిల్లలు. కొన్నేళ్ళకోసారి సామాను కట్టడం మీకూ తెలుసు, మాకూ తెలుసు. బదిలీల మీద తిరిగే ఉపాధ్యాయుల బతుకూ అంతే. ఏది వెంట తీసుకువెళ్ళాలి, ఏది వదిలేయాలి అన్న ప్రశ్న ప్రతి బదిలీకీ మన ముందు నిలబడుతుంది. ఆ ఖాకీ పెట్టెలోని రేజరును లోకానికి ఇచ్చిన మనిషి జీవితం కూడా ఈ ప్రశ్న చుట్టూనే తిరిగింది. వాడి పారేసే అలవాటును ఇంటింటికీ చేర్చినవారిలో ఆయన ముఖ్యులు. ఆయన అమ్మిన వస్తువులను ఇప్పుడు జనం పదిలంగా దాచుకుంటున్నారు. ఆయన పేరు కింగ్ క్యాంప్ జిలెట్.

పేరులోనే క్యాంపు

జిలెట్ 1855 జనవరి 5న అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో ఫాండ్ డు లాక్ అనే ఊళ్ళో పుట్టారు. తండ్రికి స్నేహితుడైన ఒక న్యాయమూర్తి పేరు కింగ్. ఆయన మీది గౌరవంతో కొడుక్కి ఆ పేరు పెట్టారు. క్యాంప్ అనేది తల్లి పుట్టింటి పేరు. మన ఇళ్ళల్లో నాన్నగారు క్యాంపుకు వెళ్ళారంటే ఉద్యోగం పని మీద ఊరు వెళ్ళారని అర్థం. పేరుకు తగ్గట్టే జిలెట్ జీవితంలో చాలా ఏళ్ళు అలాంటి క్యాంపుల్లోనే గడిచాయి.

ఆయన చిన్నతనంలోనే కుటుంబం షికాగో నగరానికి చేరింది. తండ్రిది ఇనుప సామాను వ్యాపారం. ఏ పనిముట్టు కనిపించినా విప్పి చూడటం, దాన్ని ఇంకా మెరుగ్గా చేయవచ్చా అని ఆలోచించడం ఆ ఇంట్లో అలవాటు. తల్లి ఫానీ జిలెట్ వంటల్లో ప్రయోగాలు చేసేవారు. 1887లో ఆమె పేరుతో వచ్చిన వైట్ హౌస్ కుక్ బుక్ అనే వంటల పుస్తకం చాలా ఏళ్ళపాటు అమెరికా వంటిళ్ళలో నిలిచింది.

1871 అక్టోబరులో షికాగోలో ఘోరమైన అగ్నిప్రమాదం జరిగింది. నగరంలో పెద్ద భాగం బూడిదైంది. జిలెట్ కుటుంబం సంపాదించుకున్నదంతా ఆ మంటల్లో పోయింది. అప్పటికి కింగ్‌కు పదహారేళ్ళు. చదువు పక్కన పెట్టి సంపాదనలో పడ్డారు. కొన్నాళ్ళకు ఊరూరా తిరిగి సరుకు అమ్మే ఉద్యోగిగా కుదురుకున్నారు. రైళ్ళలో ప్రయాణం, హోటలు గదుల్లో మకాం, చేతిలో నమూనాల పెట్టె. మధ్యలో చిన్న చిన్న పనిముట్లు కనిపెట్టి పేటెంట్లు కూడా పొందారు. పేరు వచ్చింది కానీ డబ్బు రాలేదు.

మూత నేర్పిన పాఠం

1891లో జిలెట్ బాల్టిమోర్‌లోని సీసా మూతల కంపెనీలో చేరారు. అక్కడి యజమాని విలియం పెయింటర్. మనం సోడా సీసా మీద చూసే అంచు నొక్కుల లోహపు మూత ఆయన కనిపెట్టిందే. ఆ మూతను ఒకసారి తీస్తే మళ్ళీ పనికిరాదు. సీసా తెరిచిన ప్రతిసారీ ఒక మూత పోతుంది, కంపెనీకి ఒక మూత అమ్ముడవుతుంది. పెయింటర్ జిలెట్‌కు ఒక సలహా ఇచ్చారు. జనం ఒకసారి వాడి పారేసి, మళ్ళీ కొనుక్కోక తప్పని వస్తువు ఏదైనా కనిపెట్టమన్నారు. ఆ మాట జిలెట్ మనసులో నాటుకుపోయింది. అక్షరమాల మొదటి నుంచి చివరి దాకా ఒక్కో అక్షరంతో మొదలయ్యే వస్తువులను తలుచుకుంటూ వెతికారని చెబుతారు.

అదే కాలంలో ఆయన మనసులో ఇంకో ఆలోచన కూడా పెరుగుతోంది. 1894లో ఒక పుస్తకం రాశారు. వ్యాపారుల మధ్య పోటీయే లోకంలోని కష్టాలకు మూలమని అందులో వాదించారు. అందరికీ కలిపి ఒకే ఒక పెద్ద సంస్థ ఉండాలన్నారు. అమెరికా జనంలో ఎక్కువమంది నయాగరా జలపాతం దగ్గర కట్టే ఒకే మహానగరంలో నివసించాలని, ఆ జలపాతం నుంచే వారికి విద్యుత్తు రావాలని ఊహించారు. పగలంతా పోటీపడి సరుకు అమ్మే మనిషి రాత్రి కూర్చుని పోటీ లేని లోకం గురించి రాశారు. ఊరూరా తిరిగిన మనిషి అందరూ ఒకేచోట స్థిరపడే నగరాన్ని కలగన్నారు. ఇల్లు కాలిపోయినవారికి, ఎప్పుడూ ప్రయాణాల్లోనే ఉండేవారికి అలాంటి కల రావడంలో వింత లేదనిపిస్తుంది మాకు.

మొద్దుబారిన కత్తి

1895లో జిలెట్ మసాచుసెట్స్ రాష్ట్రంలోని బ్రూక్‌లైన్‌లో ఉంటున్నారు. ఒక ఉదయం గడ్డం గీసుకోబోతే కత్తి మొద్దుబారి ఉంది. ఆ రోజుల్లో గడ్డం గీసుకోవడం చిన్న పని కాదు. క్షౌరశాలల్లో కనిపించే పొడుగాటి మడతకత్తినే చాలామంది ఇంట్లోనూ వాడేవారు. రోజూ తోలుపట్టీ మీద దాన్ని వెనక్కీ ముందుకీ రాయాలి. అప్పుడప్పుడూ సానరాయి మీద నూరాలి. చేయి కాస్త తొణికితే గాటు పడుతుంది. కోసుకోకుండా అంచుకు అడ్డు పెట్టిన రేజర్లు అప్పటికే ఉన్నాయి. కానీ వాటి బ్లేడు కూడా మందమైనదే. దాన్నీ సానపట్టుకోవాల్సిందే.

ఆ ఉదయం జిలెట్‌కు తట్టిన ఆలోచన ఇది. కోసే పని చేసేది అంచు ఒక్కటే. మిగతా కత్తి అంతా ఆ అంచును పట్టుకోవడానికే. అలాంటప్పుడు అంత ఇనుము ఎందుకు? పలుచని ఉక్కు రేకుకు రెండు వైపులా పదును పెట్టి, రెండు పలకల మధ్య బిగిస్తే చాలు. పదును పోతే రేకు పారేసి కొత్తది పెట్టుకోవచ్చు. సానపట్టే పనే ఉండదు.

ఆలోచన క్షణంలో వచ్చింది. వస్తువు రావడానికి మాత్రం ఏళ్ళు పట్టాయి. అంత పలుచని ఉక్కును కాల్చి గట్టిపరిస్తే వంకర్లు పోతుంది. వంకర పోకుండా చూస్తే పదును నిలవదు. లోహశాస్త్రం తెలిసినవారు ఇది జరిగే పని కాదన్నారు. జిలెట్‌కు ఆ శాస్త్రం తెలియదు. తెలిసి ఉంటే మొదట్లోనే మానేసేవాణ్ణని ఆయనే తర్వాత ఒప్పుకున్నారు. చివరికి విలియం నికర్సన్ అనే ఇంజనీరు తోడయ్యారు. ఉక్కును గట్టిపరిచే పద్ధతిని, పదును పెట్టే యంత్రాలను ఆయన తయారుచేశారు. దాదాపు 0.15 మిల్లీమీటర్ల మందంలో బ్లేడు సిద్ధమైంది. 1901లో బోస్టన్‌లో కంపెనీ పెట్టారు. నికర్సన్ పేరు దానికి పెట్టలేదు. ఇంగ్లీషులో నిక్ అంటే గాటు. గడ్డం కత్తికి ఆ పేరు పెడితే ఎవరు కొంటారు? అలా మరుసటి ఏడాది కంపెనీకి జిలెట్ పేరే స్థిరపడింది.

1903లో అమ్మకాలు మొదలయ్యాయి. ఆ ఏడాది మొత్తం మీద అమ్ముడైనవి 51 రేజర్లు, 168 బ్లేడ్లు. ఇంతటి శ్రమకు ఫలితం ఇదేనా అని ఎవరైనా నీరసపడతారు. ఆ తొలి ఏళ్ళలో జిలెట్ తన పాత మూతల ఉద్యోగం మానలేదు. ఆ ఉద్యోగం ఆయన్ను లండన్‌కు కూడా పంపింది. తన కంపెనీ బోస్టన్‌లో ఉంటే, తాను సముద్రం అవతల ఇంకొకరి సరుకు అమ్ముతున్నారు. విదేశాల్లో రేజరు తయారీ హక్కులను తన భాగస్వాములు ఇతరులకు ఇచ్చేయబోతున్నారని తెలిసి తిరిగివచ్చి, దాన్ని అడ్డుకున్నారు. 1904లో 90 వేలకు పైగా రేజర్లు అమ్ముడయ్యాయి. ఆ ఏడాది నవంబరు 15న పేటెంటు కూడా చేతికి వచ్చింది.

యుద్ధంలోకి రేజరు

రేజరు వెల 5 డాలర్లు. సామాన్య కార్మికుడికి అది పెద్ద మొత్తమే. అటువంటి వస్తువును లక్షల ఇళ్ళకు చేర్చింది ప్రకటనలు మాత్రమే కాదు, యుద్ధం కూడా.

1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర్ దగ్గర జర్మన్ సైన్యం క్లోరిన్ విషవాయువును వదిలింది. నాలుగు రోజుల తర్వాత అదే చోట దాడికి దిగిన మన లాహోర్ డివిజన్ సైనికులు కూడా ఆ వాయువును ఎదుర్కొన్నారు. అప్పటికి వారి దగ్గర సరైన ముసుగులు లేవు. తర్వాత తర్వాత రబ్బరు ముసుగులు వచ్చాయి. ముసుగు అంచు చర్మానికి అతుక్కుని ఉండాలి. మధ్యలో గడ్డం వెంట్రుకలు ఉంటే సందు మిగులుతుంది. ఆ సందులోంచి వాయువు లోపలికి వస్తుంది. అలా కందకాల బురదలో గడ్డం గీసుకోవడం అందానికి సంబంధించిన విషయం కాకుండా పోయింది. ప్రాణానికి సంబంధించిన విషయమైంది.

మీసం సంగతి కూడా చెప్పాలి. బ్రిటిష్ సైన్యంలో పై పెదవి మీద మీసం గీయకూడదని నియమం ఉండేది. 1916 అక్టోబరులో ఆ నియమాన్ని ఎత్తివేశారు. మీసాన్ని పౌరుషానికి గుర్తుగా చూసే మనవాళ్ళకు, సర్కారు ఉత్తర్వుతో మీసం పెంచడం, మళ్ళీ ఉత్తర్వుతోనే తీయడం నవ్వు తెప్పిస్తుంది.

అమెరికా 1917లో యుద్ధంలో చేరింది. మొదట్లో సైనికుడే తన రేజరు తెచ్చుకోవాలి. 1918లో సైన్యమే ఇవ్వడం మొదలుపెట్టింది. అమెరికా ప్రభుత్వం కోసం జిలెట్ కంపెనీ 35 లక్షల రేజర్లు, 3 కోట్లకు పైగా బ్లేడ్లు తయారుచేసింది. కందకంలో తోలుపట్టీ వేలాడదీసి కత్తి నూరుకునే వీలెక్కడిది? చిన్న పెట్టె, పలుచని బ్లేడు, హెల్మెట్‌లో కాసిని నీళ్ళు ఉంటే చాలు. యుద్ధం ముగిశాక సైనికులు ఆ రేజర్లను ఇంటికి తీసుకుపోయారు. రేజరు ఊరికే వచ్చింది. బ్లేడ్లు మాత్రం జీవితాంతం కొనాలి. పెయింటర్ ఇచ్చిన సలహా అలా పూర్తిగా పండింది.

రెండో ప్రపంచ యుద్ధంలో ఆ బ్లేడు జిలెట్ ఊహించని పనులు కూడా చేసింది. శత్రువుకు చిక్కిన సైనికులు తప్పించుకునేందుకు బ్రిటన్‌లోని ఒక రహస్య విభాగం అయస్కాంతంగా మార్చిన బ్లేడ్లను తయారుచేయించింది. బ్లేడును దారంతో వేలాడదీస్తే దాని మీద ముద్రించిన జిలెట్ పేరులోని మొదటి అక్షరం ఉత్తర దిక్కును చూపేది. గడ్డం గీసే బ్రష్షు పిడిలోనూ చిన్న దిక్సూచులు దాచేవారు. 1944లో ఇటలీలోని ఆంజియో దగ్గర చిక్కుకుపోయిన అమెరికా సైనికులు బ్లేడు, పెన్సిలు ముల్లు, పిన్నీసు, రాగి తీగ చుట్ట, చెవికి పెట్టుకునే శ్రావణితో రేడియో కట్టుకున్నారు. దానికి బ్యాటరీ కూడా అక్కర్లేదు. ఇంటికి దూరంగా గుంటల్లో కూర్చున్నవారికి ఆ సన్నని పాట ఎంత ధైర్యం ఇచ్చి ఉంటుందో మీలో సరిహద్దు పోస్టింగుల్లో తండ్రి ఉన్నవారికి బాగా తెలుసు.

ముఖం మిగిలింది, కల మిగల్లేదు

జిలెట్ ఆ యుద్ధాన్ని చూడలేదు. ఆయన చివరి కథ కొంచెం బాధ కలిగిస్తుంది. ప్రతి బ్లేడు పొట్లం మీద మీసంతో ఉన్న ఆయన బొమ్మ, సంతకం అచ్చయ్యేవి. ప్రపంచంలో అంతమందికి తెలిసిన ముఖాలు అప్పట్లో చాలా తక్కువ. కానీ కంపెనీ మీద పట్టు కోసం జాన్ జాయిస్ అనే భాగస్వామితో ఏళ్ళ తరబడి గొడవ నడిచింది. చివరికి 1910 ప్రాంతంలో జిలెట్ తన వాటాల్లో చాలా భాగం అమ్ముకున్నారు. 1931 వరకు అధ్యక్షుడనే పేరు ఉన్నా పెత్తనం ఆయనది కాదు.

డబ్బు వచ్చినా పాత కలను వదల్లేదు. పోటీ లేని ప్రపంచ సంస్థను పెడతానని 1910లో మళ్ళీ పుస్తకం తెచ్చారు. దానికి అధ్యక్షుడిగా ఉండమని అమెరికా మాజీ అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్‌కు 10 లక్షల డాలర్లు ఇస్తానన్నారు. ఆయన ఒప్పుకోలేదు. 1924లో రచయిత అప్టన్ సింక్లెయిర్ సాయంతో ఇంకో పుస్తకం వచ్చింది. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. కాలిఫోర్నియాలో పెద్ద ఎస్టేటు కట్టుకున్నారు. 1929లో వాటాల బజారు కుప్పకూలింది. ఆస్తిలో చాలా భాగం కరిగిపోయింది. 1932 జూలై 9న డెబ్బై ఏడేళ్ళ వయసులో కన్నుమూశారు. ఆయన కలగన్న నగరంలో ఒక్క గోడ కూడా లేవలేదు. చేతిలో ఇమిడే రేజరు మాత్రం దేశదేశాలు తిరిగింది.

సేకరించేవారు ఏం చూస్తారు?

ఇప్పుడు మళ్ళీ ఖాకీ పెట్టె దగ్గరికి వద్దాం. సేకరించేవారు మొదట ముద్రలు చూస్తారు. కొన్ని పెట్టెల మీద అమెరికా సైన్యం ఆస్తి అని చెక్కి ఉంటుంది. బ్రిటిష్ ప్రభుత్వ సామాను మీద బాణం గుర్తు ఉంటుంది. ఆ నాటి జిలెట్ రేజర్ల మీద వరుస సంఖ్య ఉంటుంది కాబట్టి తయారైన కాలాన్ని అంచనా వేస్తారు. బ్రిటిష్ సైనికులు తమ రేజరు మీద, చెంచా మీద సొంత సైనిక సంఖ్య కొట్టించుకునేవారు. ఆ సంఖ్య పట్టుకుని పాత రికార్డుల్లో వెతికి, అది ఎవరిదో కనుక్కున్నవారు ఉన్నారు.

తర్వాత భాగాలు సరిపోతున్నాయా అని చూస్తారు. ఒక రేజరు పిడి, ఇంకో రేజరు పలక కలిపి అమ్మేవారూ ఉంటారు. శుభ్రం చేయడంలోనూ జాగ్రత్త కావాలి. గోరువెచ్చని సబ్బు నీళ్ళు, మెత్తని బ్రష్షు చాలు. తళతళలాడాలని గట్టిగా రుద్దితే పైపూత ఊడి లోపలి ఇత్తడి బయటపడుతుంది. పెట్టె, అద్దం, రేజరు, విప్పని బ్లేడ్ల పొట్లం అన్నీ కలిసి ఒకేచోట దొరికితే దాన్ని అపురూపంగా చూస్తారు. పారేయడానికే పుట్టిన బ్లేడు ఇన్నేళ్ళు పొట్లంలో అలాగే ఉండటం అరుదు కదా!

పారేసిన బ్లేడ్లు ఏమయ్యాయో కూడా తెలుసుకోవాలి. అమెరికాలో ఒకప్పుడు కట్టిన ఇళ్ళలో స్నానాలగది అలమారా వెనక సన్నని చీలిక ఉండేది. వాడిన బ్లేడును అందులో వేస్తే గోడ లోపల పడేది. ఇప్పుడు అలాంటి ఇల్లు పడగొడితే తుప్పు పట్టిన బ్లేడ్లు గుట్టగా బయటపడుతున్నాయి. పారేసిన వస్తువు మాయం కాదు, మన కంటికి కనబడని చోట పోగుపడుతుంది. సానపట్టే శ్రమ తప్పించి జిలెట్ లోకానికి మేలు చేశారు. ఆ సౌకర్యంతోపాటు వచ్చిన అలవాటుకు మనం ఇప్పుడు పెన్నుల్లో, సీసాల్లో, సంచుల్లో మూల్యం చెల్లిస్తున్నాం. రెండూ నిజమే. ఒకటి చెప్పి రెండోది దాచకూడదు.

ఒక్క సంగతి గమనించండి. ఆయన రేజరులో పారేసేది బ్లేడు ఒక్కటే. పిడి ఉంచుకోవలసిందే. సైనికుడు ఫ్రాన్సు నుంచి ఇంటికి తెచ్చుకున్నదీ, మనవడు అటక మీద వెతికి తీసిందీ ఆ పిడినే. బదిలీ మీద తిరిగే మనకూ ఇదే లెక్క పనికొస్తుంది. బడి మారుతుంది, పక్కింటివారు మారతారు, బల్ల మీద పక్కన కూర్చునే నేస్తం మారతాడు. చేతిలో ఉండిపోయేది ఏదో ఒకటి ఉండాలి. అది తాతగారి రేజరు కావచ్చు, అమ్మమ్మ మరచెంబు కావచ్చు, ఇంట్లో మాట్లాడే తెలుగు కావచ్చు.

ఈ సెలవుల్లో మీ ఇంట్లో ఒక పాత వస్తువును అడిగి చూడండి. రేజరు దొరికితే బ్లేడు తీయించాకే ముట్టుకోండి. దాని మీద ఉన్న ముద్ర, సంఖ్య, ఏ ఊళ్ళో కొన్నారు, ఎన్ని ఊళ్ళు తిరిగింది అన్నవి ఒక కాగితం మీద రాసి దాంతోపాటే పెట్టెలో ఉంచండి. వచ్చే సంచికకు ఆ కాగితం నకలు మాకు పంపితే తప్పకుండా చదువుతాం.